మా పిల్లే నా ప్రాజెక్టు

జనవరి 8

పిల్ల ఈ రోజు కూడా లేవలేదు.

పొద్దున నేను షిఫ్టుకి వెళ్ళేటప్పుడు గోడవైపు తిరిగి పడుకుంది. మధ్యాహ్నం వచ్చేసరికి అలాగే ఉంది. మంచం పక్కన పెట్టిన టీ మీద మీగడ కట్టింది. "కాలేజీ?" అన్నాను. "రేపు" అంది. కెమిస్ట్రీ రెండోసారి కూడా పోయిందని తెలిసిన దగ్గర్నుంచీ ఇదే మాట. ఒకప్పుడు దీని మార్కులు చెప్పుకోవడానికి పనిగట్టుకుని పక్కింటికి వెళ్ళేదాన్ని. ఇప్పుడు తల దువ్వుకోమంటే దువ్వుకోదు.

ఒళ్ళు మండి దుప్పటి లాగేశాను. దుప్పటి లేకుండానే పడుకుంది.

ఆసుపత్రి లాండ్రీలో అంతమంది ఆడవాళ్ళు నేను కన్నెర్రజేస్తే పరిగెత్తుతారు. ఇంట్లో ఒక్కదాన్ని మంచం మీంచి లేపలేకపోతున్నాను. ఆయనకి ఫోన్ చేశాను. లారీ ఎక్కడో లోడు దింపుతోందట. "ఎదిగిన పిల్ల, వదిలెయ్, అదే లేస్తుంది" అన్నారు. ఈయన బ్రేకులు పడకపోయినా అవే పడతాయిలే అని కూర్చునే మనిషి.

జనవరి 11

కొత్త మేనేజరు సూపర్‌వైజర్లందరినీ పిలిచాడు. ఇకనుంచి సర్టిఫికెట్ లేనివాళ్ళు సూపర్‌వైజర్లుగా ఉండకూడదట. ఉద్యోగులకి పని మీద ఉత్సాహం ఎలా పుట్టించాలి అన్న చదువట అది. బుధ, శనివారాలు మధ్యాహ్నం క్లాసు, తర్వాత ప్రాజెక్టు, ఆఖర్న పరీక్ష. ఏప్రిల్ అయ్యేలోగా పాసవకపోతే మళ్ళీ మిషన్ల దగ్గరికి వెళ్ళాలి. తడి దుప్పట్ల బళ్ళు తోసి తోసి పోయిన నడుము ఇది. మళ్ళీ తోస్తే మంచం మీద ఒకరు కాదు, ఇద్దరం ఉంటాం.

మా ఇస్త్రీ వదిన, దుప్పట్లు ఇస్త్రీ చేసే రోలర్ దగ్గర నాకన్నా ముందునుంచీ ఉన్న మనిషి, పడీపడీ నవ్వింది. "ఈ వయసులో బడికా మరదలా? పలక కొనిపెట్టనా?"

నేను చదివింది పదో తరగతి. అది కూడా ఎలా చదివానో నాకే తెలుసు.

జనవరి 18

మొదటి క్లాసు. చెప్పేది ఒక కుర్రవాడు. గాలాడని ఆ గదిలో కూడా మెడకి టై బిగించుకుని వచ్చాడు. టై మాస్టారు అని పేరు పెట్టేశాం.

ఉత్సాహం అంటే పుస్తకంలో 'ప్రేరణ' అని ఉంది. మనిషిని కదిలించేది ఏదో అదే ప్రేరణ అని చెప్పాడు. అంతవరకూ బాగానే అర్థమైంది. తర్వాత మనిషి అవసరాలు మెట్లు మెట్లుగా ఉంటాయట. కింద తిండీ నిద్రా, దాని పైన భద్రత, ఆ పైన ప్రేమ, ఆ పైన గౌరవం, అన్నిటికంటే పైన తను ఏమి కాగలడో అది కావడం. కింది మెట్టు గట్టిగా లేకపోతే మనిషి పైకి చూడడట.

ఇంటికి వచ్చే దారంతా లెక్క చూసుకున్నాను. పిల్లకి తిండి ఉంది. నిద్ర ఉంది, కావలసినంత. ఇల్లుంది. ప్రేమ సంగతి అడగనే అక్కర్లేదు. మరి ఏ మెట్టు ఊడింది? తలుపు గడియ వదులుగా ఉంటే భద్రత తక్కువయిందేమో అని స్క్రూ బిగించాను. మంచం మీంచే చూసింది. "ఏం చేస్తున్నావమ్మా?" అంది.

"రెండో మెట్టు" అన్నాను.

"ఏంటి?"

పుస్తకం ఇచ్చాను. పడుకునే రెండు పేజీలు చదివింది. "అమ్మా, నువ్వు దీన్ని మేడ మెట్లలా చదివావు. ఒకటి అయిపోయాకే ఇంకోటి అని కాదు. ఆకలితో కూడా మనిషికి గౌరవం కావాలి" అంది. అన్నం తింటూ మిగతాది చెప్పింది. కూర్చుని తిన్నది. గడియ బిగించడం పనిచేసిందన్నమాట.

జనవరి 20

లేవలేదు.

జనవరి 25

ఈ వారం పాఠం: బహుమతి, శిక్ష. చేసిన పనికి వెంటనే మంచి జరిగితే మళ్ళీ చేస్తారు, చెడు జరిగితే మానేస్తారు. దీనికి ఎలుకల మీద ప్రయోగాలు చేశారట. మా క్యాంటీన్ సూపర్‌వైజరు లేచి "మా వంటింట్లో ఎలుకలకి ఏ శిక్షా పనిచెయ్యట్లేదు సార్" అంటే మాస్టారు కూడా నవ్వేశాడు.

వస్తూ వస్తూ అంటించే నక్షత్రాల కాగితం కొన్నాను. చిన్నపిల్లల పుస్తకాల్లో వేసేవి. గోడ క్యాలెండరు దగ్గర పెట్టాను. లేస్తే ఒకటి, స్నానం చేస్తే ఒకటి, కాలేజీకి వెళితే బంగారు రంగుది.

పిల్ల చూసి "నేను ఒకటో తరగతా?" అంది. నవ్విందా అంటే నవ్వలేదు. కానీ సాయంత్రం నేను పాఠం బిగ్గరగా చదువుకుంటూ 'పునర్బలనం' దగ్గర నాలుక మడతపడి ఆగిపోతే, లోపల్నుంచి లేచి వచ్చింది. తనంతట తను. పక్కన కూర్చుని, "అది పెద్ద మాటే, లోపల ఏం లేదు. చేసిన పని మళ్ళీ చేయించే ఏదైనా సరే. నువ్వు లాండ్రీలో ఎవరినైనా 'బాగా మడతపెట్టావు' అని మెచ్చుకుంటే మర్నాడు ఇంకా బాగా పెట్టరూ, అదే" అని చెప్పింది. నన్ను ప్రశ్నలు అడిగింది. తప్పు చెబితే పెన్నుతో నా వేళ్ళ మీద కొట్టింది కూడా. తర్వాత స్నానం చేసింది.

నేను లేచి వెళ్ళి రెండు నక్షత్రాలు అంటించాను. ఎలుకల మీద చేసినవాళ్ళు ఊరికే చెప్పలేదు.

ఫిబ్రవరి 2

ఈ వారం రెండు క్లాసులూ లేవు. మాస్టారికి జ్వరం. నక్షత్రాలూ లేవు. ఎందుకు పనిచెయ్యడం మానేశాయో అర్థం కావడం లేదు.

ఫిబ్రవరి 5

మాస్టారు వచ్చాడు. ఇవాళ్టి పాఠం నాకు బొత్తిగా బుర్రకెక్కలేదు. గుర్తులూ అక్షరాలూ పెట్టి బోర్డు నింపాడు. ఇంటికొచ్చి పుస్తకం బల్ల మీద పడేసి "నా వల్ల కాదు, మిషన్ల దగ్గరికే పోతా" అన్నాను. నిజంగానే ఏడుపొచ్చింది.

పిల్ల లేచి వచ్చింది. దుప్పటి భుజాల మీద కప్పుకుని కూర్చుని చదివింది. "ఇది ఉత్త గుణకారం అమ్మా. మూడు ప్రశ్నలు. కష్టపడితే నాకు వస్తుందా? వస్తే దానికి ఏమైనా దక్కుతుందా? దక్కేది నాకు కావాలా? మూడిటికీ మార్కులు వేసి గుణించు. ఎంత వస్తే అంత ఊపు. ఇప్పుడు చెప్పు, ఒకటి సున్నా అయితే?"

"మిగతా రెండూ ఎంతున్నా సున్నాయే."

"చూశావా, వచ్చేసింది నీకు."

పొంగిపోయాను. ఆ పొంగులో నోరు జారాను. "మరి నీకు ఏది సున్నా?" అని అడిగాను.

మొదటి ప్రశ్న మీద వేలు పెట్టింది. "మొదటిది" అంది. "ఎంత చదివానో నాకు తెలుసు కదమ్మా. అంత చదివినా పోయింది. ఇంక దేంతో గుణిస్తావు?"

లోపలికి వెళ్ళి పడుకుంది. నేను పెద్ద అక్షరాలతో 'నువ్వు చేయగలవు' అని రాసి అద్దానికి అంటించాను. ఇంకేం చెయ్యాలో తోచలేదు.

ఫిబ్రవరి 6

అద్దం మీది కాగితం అలాగే ఉంది. దాని మీద నా అక్షరాలు ఎంత వంకరగా ఉన్నాయో ఇవాళే చూశాను.

ఫిబ్రవరి 12

ప్రాజెక్టు ఇచ్చారు. పని చెయ్యడం మానేసిన మనిషినో, చదువు మానేసిన మనిషినో ఒకరిని ఎంచుకోవాలి. పాఠాల్లో చెప్పినవి వాళ్ళ మీద వాడి, ఏం మారిందో రాయాలి. సగం మార్కులు దీనికే.

మా ఇస్త్రీ వదిన "నన్ను రాసుకో మరదలా, నాకు పని మీద ప్రేరణ పోయి చాలా ఏళ్ళయింది, కూర్చోడానికి ఒక స్టూలు వేయించావంటే తిరిగొస్తుంది" అంది. స్టూలు కోసం మేనేజరుకి చెప్పాను. కానీ నేను ఎవరిని రాస్తానో నాకు అప్పటికే తెలుసు.

దాచకుండా పిల్లకి చెప్పేశాను. "నా ప్రాజెక్టు నువ్వే. నువ్వు మారితేనే నేను పాసవుతాను."

మంచం మీద లేచి కూర్చుంది. "అంటే ఏం చెయ్యాలి?"

"కాలేజీకి వెళ్ళాలి."

"పాసవకపోతే నిజంగా మళ్ళీ బళ్ళు తోయిస్తారా?"

"తోయిస్తారు."

"సరే" అంది.

అంతే. సరే అంది! గమ్యం పాఠం అచ్చం ఇలాగే చెబుతుంది. స్పష్టమైన గమ్యం ఇస్తే, మనిషి దాన్ని ఒప్పుకుంటే, సగం పని అయిపోయినట్టే.

ఫిబ్రవరి 14

వెళ్ళింది! నాకంటే ముందు లేచింది. జడ వేసుకుంది. సంచీలో పుస్తకాలు సర్దుకుంది. వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చూశాను. పక్కింటావిడ "ఏంటి, కళ్ళు తుడుచుకుంటున్నావు?" అంటే దుమ్ము పడిందన్నాను.

బంగారు రంగు నక్షత్రం అంటించాను.

ఫిబ్రవరి 19

అప్పట్నుంచి రోజూ వెళుతోంది. సాయంత్రం వచ్చి నా పాఠం అప్పజెప్పించుకుంటోంది. తన పాఠాల సంగతి అడిగితే "బాగానే చెబుతున్నారు" అంటోంది. ఎక్కువ అడగకూడదు. స్వతంత్రత ఇవ్వాలట. అది కూడా పాఠమే: మనిషికి తన పని మీద తనకి అధికారం ఉండాలి, చేతనవుతుందన్న నమ్మకం ఉండాలి, తనవాళ్ళు పక్కన ఉండాలి.

ఆయన ఫోన్ చేశారు. "చెప్పానా, అదే లేస్తుందని" అన్నారు. ఫోన్ పెట్టేశాను.

ఫిబ్రవరి 27

లాండ్రీలో కూడా నా పేరు మారుమోగుతోంది. స్టూలు వచ్చింది. ఇస్త్రీ వదిన దాని మీద మహారాణిలా కూర్చుని రోలర్‌లోకి దుప్పట్లు తోస్తోంది. ఆపరేషన్ గుడ్డలు ఈ వారం ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు. "ఈ చదువేదో పదేళ్ళ క్రితమే చదవాల్సింది మరదలా" అంది. నాకూ అలాగే అనిపిస్తోంది.

పిల్ల కొంచెం చిక్కినట్టుంది. ఎండలో నడక కదా.

మార్చి 5

ప్రాజెక్టు ఇచ్చేసి అప్పుడే వారం. ఇవాళ మాస్టారు క్లాసులో లేచి నిలబడి నాది చదివి వినిపించాడు. "మంచం నుంచి కాలేజీ దాకా" అని నేనే పేరు పెట్టాను. చదువుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను. సెక్యూరిటీ సూపర్‌వైజరైతే తన కొడుకుని ఎలా లేపాలో చెప్పమని మెట్ల దాకా వెంటపడ్డాడు. పెద్ద మేధావిలా చెప్పాను.

ఇంటికొచ్చి పిల్లని పట్టుకుని తిప్పేశాను. "నీ వల్లే" అన్నాను. "పాసయిపోతావు కదా ఇంక?" అంది. "పరీక్ష ఒక్కటే మిగిలింది" అన్నాను. "దానికీ చదివిద్దాంలే" అంది.

మార్చి 11

ఎలా రాయాలో తెలియడం లేదు. కానీ ఇంకెక్కడ చెప్పుకోను.

పదకొండింటికి పై అంతస్తు నుంచి పక్కగుడ్డల బండి రాలేదని అడగడానికి వెళ్ళాను. మామూలుగా వెనక లిఫ్టులో వెళతాను. అది ఆగిపోయిందని ముందు నుంచి వెళ్ళాను. చీటీలు రాసే అమ్మాయి నన్ను చూసి పిలిచింది. "అక్కా, ఇంట్లో ఎవరికి బాగాలేదు?"

"ఎవరికీ ఏం లేదే."

"మరి మీ అమ్మాయి రోజూ వచ్చి హాల్లో కూర్చుంటుందే? ఎవరినో చేర్పించారేమో, అడిగితే బాగుండదని ఊరుకున్నాను."

నాకు ముందు నవ్వొచ్చింది. "మా అమ్మాయి కాలేజీలో ఉంది" అన్నాను. చీటీల అమ్మాయి చేత్తో చూపించింది.

హాలు చివర, ఎక్స్‌రే గది పక్కన, వరసగా వేసిన ప్లాస్టిక్ కుర్చీల్లో ఆఖరిది. సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఒక పక్క కట్టు కట్టిన ముసలాయన, ఇంకోపక్క నెలల బిడ్డతో ఒకావిడ. వాళ్ళలాగే తనూ పిలుపు కోసం ఎదురుచూస్తున్నట్టుంది.

దగ్గరికి వెళితే తలెత్తి చూసింది. పారిపోలేదు. "లిఫ్టు పాడయిందా?" అంది. అంటే నేను ఎటునుంచి వెళతానో కూడా దానికి తెలుసు.

ముసలాయన లేచి కుర్చీ ఇచ్చాడు. ఎవరో పోయారనుకున్నాడేమో.

"ఎన్నాళ్ళనుంచి?" అన్నాను.

"మొదటి రోజు గేటు దాకా వెళ్ళానమ్మా. నిజంగా వెళ్ళాను. గేటులోంచి లోపలికి అడుగు పడలేదు. ఇంటికి వచ్చేస్తే నీ ప్రాజెక్టు పోతుంది. ఎక్కడ కూర్చోవాలి? పార్కులో కూర్చుంటే ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు. బస్టాండులో కూర్చుంటే పోకిరీలు చేరతారు. ఇక్కడైతే ఎందుకు కూర్చున్నావని ఎవరూ అడగరు. ఏడ్చినా అడగరు."

తర్వాత మెల్లగా, "పైగా నువ్వు కిందే ఉంటావు కదా" అంది.

తిట్టాలనుకున్నాను. ఇంత మోసమా అని అరవాలనుకున్నాను. నేను కింద బేస్‌మెంటులో ఆపరేషన్ గుడ్డలు లెక్కపెట్టుకుంటూ, మా పిల్ల మారిపోయిందని వాళ్ళకీ వీళ్ళకీ చెప్పుకుంటుంటే, అది నా నెత్తి మీద, ఒక్క అంతస్తు పైన కూర్చుని ఏడ్చుకుంది.

"లే, ఇంటికి వెళదాం" అన్నాను.

"నీ షిఫ్టు?"

ఇస్త్రీ వదినకి చెప్పి వచ్చేశాను. దారిలో దాని సంచీ నేనే మోశాను.

మార్చి 12

రాయబుద్ధి కావడం లేదు.

క్యాలెండరు మీద నక్షత్రాలు గోటితో గీకాను. సగం ఊడాయి, సగం ఊడలేదు.

మార్చి 14

ఇస్త్రీ వదినకి మొత్తం చెప్పేశాను. స్టూలు మీంచి లేచి నన్ను కూర్చోబెట్టింది. "ఇది నీ పుస్తకాలతో అయ్యే పని కాదు మరదలా, డాక్టరుకి చూపించాలి" అంది. నాకూ లోపల తెలుసనుకుంటాను. ఆసుపత్రిలో పనిచేస్తూ ఆ మాట వేరేవాళ్ళు చెబితే గానీ నోట్లోకి రాలేదు.

మనసు డాక్టరమ్మ గదికి వెళ్ళాను. బయట నర్సు పుస్తకం తిరగేసి మే మొదటి వారం అంది.

"మే నా? ఇది మార్చి."

"ఒక్కరే డాక్టరు కదండీ. అమ్మాయి తనని తాను ఏమైనా చేసుకుంటానందా?"

"లేదు. అలా ఏం అనలేదు."

"అంటే మాత్రం ఆగకండి, రాత్రనక పగలనక ఎమర్జెన్సీకి తీసుకొచ్చెయ్యండి. లేదంటే మే." పాపం ఆ నర్సు మాత్రం ఏం చేస్తుంది. ఇన్నేళ్ళుగా ఈ గదికి నేనే దుప్పట్లు పంపుతున్నాను. ఒక్క రోజు ముందుకి జరపలేకపోయాను.

ఇంటికొచ్చి చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. "మే దాకా ఎలా?" అని మాత్రం అంది.

మార్చి 19

మాస్టారికి నిజం చెప్పడానికి వెళ్ళాను. ప్రాజెక్టు అబద్ధం అయిపోయిందని చెప్పాను. టై వదులు చేసుకుని చాలాసేపు విన్నాడు. "మీరు రాసిన రోజుకి మీకు తెలిసింది రాశారు. ఏం జరిగిందో ఒక పేజీ కలిపి ఇవ్వండి, చాలు" అన్నాడు. తర్వాత, "మా చెల్లెలు కూడా ఒక ఏడాది ఇలాగే ఉందండీ" అన్నాడు. ఎలా లేచిందని అడిగాను. "తెలియదండీ" అన్నాడు. ఇన్ని పాఠాలు చెప్పిన మనిషి!

ఇవాళ క్లాసులో కుక్కల పాఠం. పారిపోయే దారి లేకుండా కుక్కలకి కరెంటు షాకులు ఇచ్చారట. ఏం చేసినా ఆగదని వాటికి తెలిసిపోయిందట. తర్వాత దాటి వెళ్ళడానికి దారి ఇచ్చినా, చిన్న గోడ ఒక్కటే అడ్డం ఉన్నా, లేవకుండా పడుకునే ఉన్నాయట. నేను లేచి బయటికి వచ్చేశాను.

ఈ పాఠం పిల్లకి చూపించను.

మార్చి 20

దొరకబుచ్చుకుంది. "ఈ పాఠం పరీక్షకి లేదన్నావు. మరి కింద గీతలు గీసుకున్నావేంటి?" అంది.

మంచం మీద నేనూ కూర్చున్నాను. అది బిగ్గరగా చదివింది. చదివేటప్పుడు గొంతు ఏమీ మారలేదు. దాంతో నాకు ఇంకా భయం వేసింది. చివరికి వచ్చి "మరి ఆ కుక్కల్ని తర్వాత ఏం చేశారో చదివావా?" అంది.

"చదవలేదు. బయటికి వచ్చేశాను."

"ఆశ చూపిస్తే లేవలేదట. పిలిస్తే లేవలేదట. మెడకి తాడు కట్టి అవతలికి లాక్కెళ్ళారట. ఒకసారి లాగితే చాల్లేదు. మళ్ళీ మళ్ళీ లాగారట. అలా లాగగా లాగగా ఒకసారి తనే దాటిందట." పుస్తకం మూసింది. "లాగినవాళ్ళకి చేతులు పడిపోయి ఉంటాయి పాపం."

ఇద్దరం నవ్వాం. ఎందుకు నవ్వామో.

కాలేజీ ఊసు ఎత్తడం మానేశాను. రోజూ నేను షిఫ్టు నుంచి వచ్చేసరికి లేచి కూర్చుని ఉంటోంది. ప్రశ్నలు తయారుచేసి పెడుతోంది.

మార్చి 28

రేపు పరీక్ష. పాఠాలన్నీ అప్పజెప్పించుకుంది. నాకు ఇంత చదువు వస్తుందని నాకే తెలియదు. "నీకు టీచరు ఉద్యోగం ఇవ్వాలే" అన్నాను.

పెన్ను మూత పెడుతూ, మామూలుగా, రేపు ఏం వండుదాం అన్నట్టుగా అంది. "నీ పరీక్ష అయిపోయాక నేను దేనికి లేవాలమ్మా?"

"అదేం మాట?"

"కాదు, నిజంగానే అడుగుతున్నా. నువ్వు మధ్యాహ్నం వస్తావు, పాఠం చెప్పాలి అని లేస్తున్నా. వేరే దేనికీ లేవాలనిపించట్లేదు. ఎల్లుండి నుంచి అది కూడా ఉండదు."

నాకు నక్షత్రాలు గుర్తొచ్చాయి. గడియ గుర్తొచ్చింది. అద్దం మీది కాగితం, గమ్యం, మెట్లు, అన్నీ. ఇది లేచిన ప్రతి రోజూ నాకు పాఠం రాని రోజే. నేను ఆ రోజుల్ని వేరేవాటి ఖాతాలో రాసుకున్నాను.

"ఫలితాలు రావడానికి ఇంకా టైముంది" అన్నాను.

మార్చి 29

బాగా రాశాను. ఎందుకు బాగా రాశానా అని బయటికి వచ్చాక అనిపించింది.

ఏప్రిల్ 2

లేవలేదు.

ఏప్రిల్ 5

లేవలేదు. టీ తాగింది.

నర్సు దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఎవరైనా మానుకుంటే ఫోన్ చేస్తానంది. ఎవరూ మానుకోవడం లేదు.

ఏప్రిల్ 9

ఆయన వచ్చారు. దాని పక్కన కూర్చుని తల నిమిరారు. "ఏం కావాలి తల్లీ?" అన్నారు. "ఏం వద్దు నాన్నా" అంది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చారు. అదే లేస్తుందని ఈసారి అనలేదు. తెల్లారి మళ్ళీ లోడుకి వెళ్ళిపోయారు.

ఏప్రిల్ 16

పాసయ్యాను.

పాసవడమే కాదు, మొదటి వరసలో ఉన్నాను. మేనేజరు చెయ్యి కలిపి సర్టిఫికెట్ చేతికిచ్చాడు. ఇస్త్రీ వదిన లాండ్రీ అంతా వినపడేలా ఈల వేసింది. నడుము నొప్పి సగం అక్కడే పోయింది. నేను ఇంక బళ్ళు తోయనక్కర్లేదు.

లాండ్రీ బీరువాలో ఉతికిన గౌన్ల అడుగున సర్టిఫికెట్ పెట్టి తాళం వేశాను. అప్పుడు కూడా ఎందుకు అక్కడ పెడుతున్నానో నాకు నేను చెప్పుకోలేదు.

ఇంటికి వెళ్ళేసరికి పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది. ఇవాళ ఫలితాలని గుర్తుంది దానికి. తల దువ్వుకుంది. ఇన్ని రోజుల తర్వాత ముఖం కడుక్కుని, నా ముఖంలోకి చూస్తోంది.

"ఏమైంది?" అంది.

ఆ చూపులో ఏముందో నాకు కనిపించింది. పాసయ్యానంటే సంతోషిస్తుంది. నన్ను పట్టుకుని గిర్రున తిప్పుతుంది. తర్వాత లోపలికి వెళ్ళి గోడవైపు తిరుగుతుంది. మే చాలా దూరం ఉంది.

"పోయింది" అన్నాను.

నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో దేవుడికే తెలియాలి. అబద్ధం చెప్పినందుకు కాదు గానీ, దాని ముఖం చూసి నిజంగానే ఏడ్చేశాను. అది నన్ను కూర్చోబెట్టింది. మంచినీళ్ళు తెచ్చింది. నా వీపు మీద చెయ్యి వేసి రాస్తూ, "పోతే పోయిందిలే అమ్మా. ఏడవకు. ఒక్క పరీక్షకి ఇంతేంటి. మళ్ళీ రాద్దాం" అంది.

రాద్దాం అంది. ఇద్దరం రాస్తున్నట్టు.

"మిషన్ల దగ్గరికి పంపేస్తారా?"

"ఇంకోసారి అవకాశం ఇచ్చారు" అన్నాను. "జూన్‌లో."

"అయితే రేపు పొద్దున నువ్వు వెళ్ళేటప్పుడే లేపు. మొదట్నుంచీ చదువుదాం. ఎక్కడ పోయిందో నేను చూస్తా."

ఏప్రిల్ 17

లేపకుండానే లేచింది.

వదినకి చెప్పాను, మా ఇంటికి ఫోన్ చేసి అభినందనలు గట్రా చెప్పొద్దని. ఆయనకీ చెప్పాను. ఫోన్‌లో రెండుసార్లు చెప్పించుకున్నారు. తర్వాత "సరే, నువ్వు ఫెయిలయ్యావు" అన్నారు. జూన్ వస్తే ఏం చేస్తానని అడగలేదు. అడిగినా నాకు తెలియదు. నేను చేస్తున్నది మంచో చెడో చెప్పే పాఠం ఆ పుస్తకంలో లేదు. పైగా ఇది ఎవరికైనా తెలిస్తే నన్ను మొదట కొట్టాల్సింది మా పిల్లే.

మధ్యాహ్నం వచ్చేసరికి బల్ల ముందు కుర్చీలు రెండూ వేసి ఉన్నాయి. టీ కూడా పెట్టింది. పుస్తకం మొదటి పేజీ తెరిచి, పెన్ను పట్టుకుని, నన్ను కళ్ళజోడు పెట్టుకోమంది.

"చెప్పు. ప్రేరణ అంటే ఏంటి?"

దాని కళ్ళలోకి చూసి తెలియదన్నాను.